జేబులో బత్తా, కాగితం మీద జీతం



ఈ పూట లారీ డ్రైవర్ల సంపాదన గురించి మాట్లాడుకుందాం. దారి ఖర్చులకిచ్చే బత్తా జీతాన్ని ఏం చేస్తుంది, పన్నును ఏం చేస్తుంది అన్నది ఇవాల్టి సంగతి. వినేవాళ్ళలో డ్రైవర్లు ఉండొచ్చు. చిలకలూరిపేట దాటుతూనో, సూర్యాపేట దాటుతూనో, క్యాబిన్‌లో రేడియో పెట్టుకుని వింటూ ఉండొచ్చు. డ్రైవర్ల ఇళ్ళల్లో ఆడవాళ్ళు వింటూ ఉండొచ్చు. ఒకటో రెండో లారీలున్న ఓనర్లూ ఉండొచ్చు. ముగ్గురికీ పనికొచ్చే మాటే ఇది. ఇంట్లోవాళ్ళకు మరీ ముఖ్యం.

కొత్త బండి ఎక్కేటప్పుడు డ్రైవరు ఓనర్ని ముందుగా ఏమడుగుతాడు? "బత్తా ఎంతిస్తారండీ?" అని అడుగుతాడు. జీతం సంగతి తర్వాత. కొన్నిచోట్ల అసలు ఆ మాటే రాదు. "జీతం ఏదో రాసుకుంటాంలే, బత్తా మాత్రం రోజుకింత" అని ఓనరు అంటాడు. డ్రైవరు సరేనంటాడు. తాళం చేతికొస్తుంది. బండి కదులుతుంది.

అలా అడగడంలో తప్పేం లేదు. బత్తా రోజూ చేతిలో పడే డబ్బు. జీతం నెలాఖరున వచ్చేది. అందులోనూ అడ్వాన్సు కోతలుంటాయి. ఎవరైనా చేతిలో పడేదాన్నే ముందు చూసుకుంటారు. కానీ ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. బత్తా ఎంత అని అడగండి. దాంతోపాటు, జీతం కింద ఎంత రాస్తున్నారు అని కూడా అడగండి. రెండో ప్రశ్న మరిచిపోతే నష్టం ఈ నెలలో తెలియదు. పదేళ్ళకు తెలుస్తుంది. లేదా, అలా ఎవరికీ జరగకూడదు గానీ, ఒక ప్రమాదం జరిగిన రోజున తెలుస్తుంది.

రైతు ఇంట్లో గింజలు రెండు రకాలుగా ఉంటాయి. వండుకు తినే గింజలు వేరు. విత్తనానికి దాచిన గింజలు వేరు. చూడ్డానికి రెండూ ఒకటే. తిన్న గింజ ఆ పూట ఆకలి తీర్చి అయిపోతుంది. విత్తనం మళ్ళీ పంటనిస్తుంది. బత్తా తిండి గింజ. జీతం విత్తనపు గింజ. రెండూ కావాలి. ఇంట్లో ఎన్ని గింజలున్నాయి అని ఒక్కటే చూసుకుంటే చాలదు. వాటిలో విత్తనానికి ఎన్ని ఉన్నాయో కూడా చూసుకోవాలి.

ముందు బత్తా అంటే ఏమిటో సరిగ్గా చూద్దాం. డ్రైవరు ఇల్లు వదిలి దారి మీద ఉంటాడు. ఆకివీడులో చేపల లోడు ఎత్తుకుని హౌరా వెళ్తాడు. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు ఎక్కించుకుని ఢిల్లీ వెళ్తాడు. ఇంట్లో ఉంటే అన్నం ఇంట్లో తింటాడు. దారిలో ఉంటే ప్రతి ముద్దా కొనుక్కోవాలి. పొద్దున టిఫిను, రెండు పూటలా భోజనం, మధ్యలో టీలు, స్నానానికి, సబ్బుకు, సెల్లు రీఛార్జికి. ఈ ఖర్చు ఉద్యోగం వల్ల వచ్చిన ఖర్చు. అందుకని ఓనరు ఇస్తాడు. అదీ బత్తా.

ఆ డబ్బులోంచి మిగుల్చుకోవాలని డ్రైవరు ఎంత తంటాలు పడతాడో చాలామంది చూసే ఉంటారు. బండి పక్క పెట్టెలో చిన్న గ్యాసు స్టవ్వు, బియ్యం డబ్బా, నాలుగు ఉల్లిపాయలు, నాలుగు టమాటాలు ఉంటాయి. పెట్రోలు బంకు దాటి కాస్త దూరంగా, నీళ్ళ పంపు ఉన్నచోట బండి ఆపుతారు. గాలికి స్టవ్వు ఆరిపోకుండా టైరు చాటున పెడతారు. క్లీనరు అన్నం వారుస్తాడు. డ్రైవరు కూర కలుపుతాడు. ఢాబాలో ఇద్దరికయ్యే ఖర్చులో సగానికి కడుపు నిండుతుంది. మిగిలినది ఇంటికి పంపుతాడు. ఆ మిగిలినదాన్నే డ్రైవరు తన అసలు సంపాదన అనుకుంటాడు. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఓనరూ అలాగే అనుకుంటాడు. "జీతం తక్కువైతేనేం, బత్తాలో మిగులుతోంది కదా" అంటాడు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. కాగితం, పెన్ను అక్కర్లేదు. వింటే చాలు.

ఇద్దరు అన్నదమ్ములున్నారనుకోండి. కవల పిల్లలు. ఇద్దరికీ 40 ఏళ్ళు. ఇద్దరూ లారీ డ్రైవర్లే. ఇద్దరికీ నెలకు 24 వేలు వస్తుంది. ఇంట్లో ఇచ్చేదీ ఇద్దరూ దాదాపు ఒకటే ఇస్తారు. తేడా ఒక్కటే. పెద్దాయనకు జీతం 9 వేలు, బత్తా 15 వేలు. చిన్నాయనకు జీతం 15 వేలు, బత్తా 9 వేలు. మళ్ళీ చెప్తాను. పెద్దాయనకు జీతం తక్కువ, బత్తా ఎక్కువ. చిన్నాయనకు జీతం ఎక్కువ, బత్తా తక్కువ. మొత్తం ఇద్దరికీ 24 వేలే. ఈ అంకెలు లెక్క సులువుగా ఉండాలని నేను పెట్టుకున్నవి. మీ అంకెలు వేరే ఉంటాయి. పద్ధతి మాత్రం ఇదే.

నెలకు 25 రోజులు దారి మీద ఉంటారనుకుందాం. పెద్దాయన బత్తా రోజుకు 600 పడుతుంది. చిన్నాయనది రోజుకు 360. ఇద్దరూ పొదుపుగా తిని, రోజుకు 360తో గడుపుకున్నారు. పెద్దాయన దగ్గర రోజూ 240 మిగులుతుంది. 25 రోజులకు 6 వేలు. అంటే ఆ 6 వేలు నిజానికి తిండి ఖర్చు కాదు. అది ఆయన కష్టానికి వచ్చిన జీతం. కాగితం మీద మాత్రం బత్తా అని ఉంది.

ముందు పన్ను సంగతి చూద్దాం. ఎందుకంటే బత్తా ఎక్కువ రాయడానికి చెప్పే కారణాల్లో మొదటిది పన్నే. "జీతం అని రాస్తే టాక్సు పడుతుందయ్యా, బత్తా అని రాస్తే పడదు" అంటారు. ఈ మాటలో కొంత నిజం ఉంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం కింద బత్తాకు మినహాయింపు ఉండేది. పని మీద మామూలు చోటు వదిలి వెళ్ళినప్పుడు రోజువారీ ఖర్చులకిచ్చే డబ్బులో, నిజంగా ఖర్చయినంత వరకు పన్ను లేదు. రవాణా సంస్థల్లో బండి నడిపే ఉద్యోగులకు ఇంకో పద్ధతి కూడా ఉండేది. వాళ్ళు విడిగా దినభత్యం తీసుకోకపోతే, దారి ఖర్చులకిచ్చే అలవెన్సులో నూటికి 70 వంతులు పన్ను లేకుండా వదిలేసేవారు. అదీ నెలకు 10 వేలకు మించకుండా. కాకపోతే ఈ 70 వంతుల సౌకర్యం పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకే. కొత్త విధానంలో లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలవుతుంది కాబట్టి, ఏ ఏటి పరిమితి ఆ ఏడు ఆడిటరును అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. మన అన్నదమ్ములకు పన్ను ఎంత పడుతుంది? నెలకు 24 వేలు. ఏడాదికి 2 లక్షల 88 వేలు. 2025-26 లెక్కల ప్రకారం, కొత్త విధానంలో ఏడాదికి 12 లక్షల ఆదాయం దాకా పన్ను కట్టనక్కర్లేదు. జీతగాళ్ళకు స్టాండర్డ్ డిడక్షను 75 వేలు కూడా కలుపుకుంటే 12 లక్షల 75 వేల దాకా పన్ను సున్నా. పాత విధానంలో చూసినా 5 లక్షల లోపు ఆదాయానికి రిబేటు పోను కట్టేది సున్నాయే. అంటే పెద్దాయనకు పన్ను లేదు. చిన్నాయనకూ లేదు. మొత్తం 24 వేలనూ జీతమని రాసినా పన్ను పడదు.

ఇది గుర్తుపెట్టుకోండి. మన దగ్గర మామూలు లారీ డ్రైవరుకు బత్తా పేరుతో మిగిలే పన్ను సున్నా. నెలకు లక్ష రూపాయలకు బాగా మించి సంపాదించేవాడు ఆలోచించాల్సిన విషయం ఇది. 24 వేలవాడికి టాక్సు భయం చూపించి జీతం తగ్గించి రాస్తే, లేని జ్వరానికి మందు మింగించినట్టే.

అమెరికాలో కూడా లారీ డ్రైవర్లకు ఇలాంటి బత్తా ఉంది. వాళ్ళు పర్ డియమ్ అంటారు. 2024 అక్టోబరు నుంచి అక్కడి పన్ను శాఖ దేశం లోపల రోజుకు 80 డాలర్ల దాకా ఒప్పుకుంటోంది. రాత్రిళ్ళు ఇంటికి దూరంగా ఉండే డ్రైవరుకు కంపెనీ నిబంధనల ప్రకారం ఆ డబ్బిస్తే, దాని మీద పన్ను లేదు. అక్కడ డ్రైవర్లు మంచి జీతం మీద నిజంగానే పన్ను కడతారు. కాబట్టి వాళ్ళకు మిగులు నిజం. కానీ జీతం పద్దు అంత మేరకు తగ్గుతుంది. దాంతో ముసలితనంలో వచ్చే సోషల్ సెక్యూరిటీ పింఛను లెక్కా తగ్గుతుంది. ఇల్లు కొనడానికి బ్యాంకు చూసే ఆదాయమూ తగ్గుతుంది. అందుకని అక్కడి డ్రైవరు కూర్చుని బేరీజు వేసుకుంటాడు. ఇవాళ పన్ను మిగలడం మేలా, రేపు పింఛను పెరగడం మేలా అని. మన డ్రైవరుకు ఆ బేరీజు కూడా లేదు. పన్నులో ఇవాళ మిగిలేది ఏమీ లేదు. రేపు పోయేది మాత్రం ఉంది.

ఏం పోతుందో ఒక్కొక్కటే చూద్దాం.

మొదట పీఎఫ్. 20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో ప్రావిడెంట్ ఫండ్ ఉంటుంది. జీతంలో డ్రైవరు వంతు నూటికి 12. ఓనరు వంతు కూడా 12. బత్తా మీద కట్టరు. జీతం మీదే కడతారు. పెద్దాయన జీతం 9 వేలు. ఆయన వంతు 1,080, ఓనరు వంతు 1,080. కలిపి 2,160. చిన్నాయన జీతం 15 వేలు. ఆయన వంతు 1,800, ఓనరు వంతు 1,800. కలిపి 3,600. నెలకు తేడా 1,440 రూపాయలు. ఏడాదికి 17,280. నిజమే, చిన్నాయన చేతికి ఈ నెల 720 తక్కువ వస్తుంది. కానీ ఆయన 720 పెడితే, ఓనరు ఇంకో 720 కలిపాడు. పెద్దాయనకు ఆ రెండో 720 ఎప్పటికీ రాదు.

ఓనరు వంతులోంచే పింఛనుకు కొంత వెళ్తుంది. పింఛను లెక్క సులువే. జీతాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించి 70తో భాగిస్తారు. ఇద్దరూ 15 ఏళ్ళు పనిచేశారనుకోండి. జీతాలు అలాగే ఉన్నాయనుకోండి. 58 ఏళ్ళు నిండాక పెద్దాయనకు నెలకు సుమారు 1,928 రూపాయలు వస్తుంది. చిన్నాయనకు సుమారు 3,214 వస్తుంది. ఇద్దరూ నడిపింది ఒకే రోడ్డు. ఒకే స్టీరింగు. పింఛనులో మాత్రం చాలా తేడా.

తర్వాత ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా. 10 మంది, అంతకు మించి ఉన్నచోట, జీతం నెలకు 21 వేల లోపు ఉన్నవాళ్ళకు ఇది వర్తిస్తుంది. డ్రైవరు కట్టేది నూటికి 75 పైసలు. ఓనరు కట్టేది మూడుంబావు రూపాయలు. వైద్యం ఇద్దరికీ ఒకటే. కానీ జబ్బు చేసి మంచాన పడితే ఇచ్చే డబ్బు జీతాన్ని బట్టి ఉంటుంది. రోజు జీతంలో నూటికి 70 వంతులు ఇస్తారు. పెద్దాయన రోజు జీతం 300 కాబట్టి 210 వస్తుంది. చిన్నాయనది 500 కాబట్టి 350 వస్తుంది. పైగా మంచాన పడ్డ మనిషికి బత్తా ఎవరూ ఇవ్వరు. బండి కదిలితేనే బత్తా.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటే బరువైనది. ఇంట్లోవాళ్ళు కాస్త శ్రద్ధగా వినండి.

పీఎఫ్‌కు 20 మంది ఉండాలి. ఈఎస్ఐకి 10 మంది ఉండాలి. మన దగ్గర చాలామంది ఓనర్లకు ఉన్నది ఒకటో రెండో బళ్ళు. వాళ్ళ దగ్గర ఈ రెండూ ఉండవు. కానీ ఒకే ఒక్క లారీ, ఒకే ఒక్క డ్రైవరు ఉన్నా వర్తించేది ఒకటుంది. అది ప్రమాద నష్టపరిహారం. 1923 నాటి చట్టం నుంచీ ఉన్నది. ఇప్పుడు సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో భాగం. మోటారు బండి మీద పనికి పెట్టుకున్న డ్రైవరు, క్లీనరు, మెకానిక్, అందరూ దీని కిందికి వస్తారు. డ్యూటీలో ప్రాణం పోతే, నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఒక అంకెతో గుణించి, కుటుంబానికి ఇవ్వాలి. 40 ఏళ్ళ మనిషికి ఆ అంకె 184.17. ఈ లెక్కకు తీసుకునే జీతం 2020 జనవరి నుంచి నెలకు 15 వేలకు మించకూడదు.

చెప్పడానికే మనసు రావడం లేదు. కానీ చెప్పుకోకపోతే తెలియదు. పెద్దాయన జీతం 9 వేలు. సగం 4,500. దాన్ని 184.17తో గుణిస్తే 8 లక్షల 28 వేల 765 రూపాయలు. చిన్నాయన జీతం 15 వేలు. సగం 7,500. గుణిస్తే 13 లక్షల 81 వేల 275 రూపాయలు. తేడా 5 లక్షల 52 వేల 510. ఐదున్నర లక్షలండీ! ఇద్దరూ నెలకు 24 వేలే సంపాదించేవారు. ఇద్దరి పిల్లలూ ఒకే బడికి వెళ్ళేవారు. కాగితం మీద ఒక గడిలో రాయాల్సినది ఇంకో గడిలో రాసినందుకు ఇంత తేడా.

"బత్తా కూడా సంపాదనే కదా, అదెందుకు కలపరు?" అని మీరు అడగొచ్చు. కుటుంబం తరఫు లాయరు అదే అడుగుతాడు. అవతల ఇన్సూరెన్సు కంపెనీ లాయరు చట్టం పుస్తకం తెరుస్తాడు. ఉద్యోగం వల్ల వచ్చే ప్రత్యేక ఖర్చుల కోసం ఇచ్చిన డబ్బు జీతం కాదు అని అందులో రాసి ఉంది. "ఆ మనిషి తిండికిచ్చారు, మనిషే లేడు, ఇక తిండి ఖర్చేది?" అంటాడు. వినడానికి కటువుగా ఉంటుంది. చట్టం మాట మాత్రం ఆయనకు దన్నుగా ఉంది. దాని మీద ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరగడం ఎందుకు? ముందే జీతం జీతంగా రాయించుకుంటే సరిపోతుంది.

ఇంకో సంగతి. బత్తా చాలాచోట్ల నగదుగా ఇస్తారు. రసీదు ఉండదు. చిట్టీ మీద సంతకం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. బ్యాంకు లోను కోసం వెళ్తే మేనేజరు జీతం చీటీ అడుగుతాడు, పాసుబుక్కు అడుగుతాడు. నెలకు 24 వేలు సంపాదించే పెద్దాయన పాసుబుక్కులో కనపడేది 9 వేలే. సొంత ఇంటికైనా, పిల్ల చదువుకైనా, 9 వేల మనిషికి ఇచ్చే అప్పే ఇస్తారు.

మరి చట్టం ఊరుకుంటుందా? ఊరుకోదు. రెండు మూడు కట్టుబాట్లు ఉన్నాయి. ఒకటి, కనీస వేతనం. ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం జీతంతోనే పూర్తి కావాలి. దారి ఖర్చుల బత్తాను కలిపి "ఇదిగో కనీస వేతనం ఇచ్చేశాం" అనడానికి వీల్లేదు. రెండు, 2019లో సుప్రీంకోర్టు పీఎఫ్ మీద ఒక తీర్పు ఇచ్చింది. అందరికీ ఒకే తీరున, నెలనెలా ఇచ్చే అలవెన్సు పేరుకే అలవెన్సు, దాని మీదా పీఎఫ్ కట్టాలి అని ఆ తీర్పు సారాంశం. బండి షెడ్డులో ఉన్నా, దారి మీద ఉన్నా ఒకే మొత్తం బత్తా ఇస్తుంటే అది బత్తా ఎలా అవుతుంది?

మూడోది కొత్తది. వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో సగం నియమం ఉంది. అలవెన్సులన్నీ కలిపి మొత్తం రాబడిలో సగానికి మించితే, మించినది జీతంలో కలిసిపోతుంది. మన పెద్దాయన సంగతే చూడండి. మొత్తం 24 వేలు. సగం 12 వేలు. ఆయన బత్తా 15 వేలు. 3 వేలు ఎక్కువైంది. ఆ 3 వేలు 9 వేలతో కలిసి జీతం 12 వేలుగా లెక్కకు వస్తుంది. ఈ 12 వేల మీద చూస్తే, ఇందాక చెప్పిన పరిహారం 11 లక్షల 5 వేల 20 రూపాయలు అవుతుంది. కాస్త మేలే. అయినా చిన్నాయన లెక్కకు 2 లక్షల 76 వేలు తక్కువే. పైగా ఆ 15 వేల బత్తా ఇచ్చినట్టు రుజువుండాలి. కాగితం లేని బత్తాకు సగం నియమం ఏ లెక్కన వర్తిస్తుంది?

ఇప్పుడు ఓనర్ల వైపు నుంచి చూద్దాం. ఓనరంటే కోట్లకు పడగలెత్తినవాడేమీ కాదు. ఫైనాన్సు వాయిదా కట్టుకుంటూ, టైర్ల ధర చూసి గుండె పట్టుకుంటూ, కిరాయి కోసం ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పడిగాపులు పడేవాడు. ఆయన భయాలు ఆయనకున్నాయి.

మొదటి భయం పన్ను. బత్తా అని రాస్తే ఖర్చు కింద చూపించుకోవచ్చని అంటారు. కానీ 10 లారీలకు మించకుండా ఉన్న ఓనర్లలో చాలామంది అంచనా ఆదాయం పద్ధతిలో పన్ను లెక్క చూపిస్తారు. 12 టన్నులకు మించిన బండికి, మొత్తం బరువులో టన్నుకు నెలకు వెయ్యి రూపాయల చొప్పున ఆదాయం అనుకుంటారు. ఆర్‌సీలో 28 టన్నులు అని ఉన్న బండికి నెలకు 28 వేలు. ఏడాదికి 3 లక్షల 36 వేలు. డీజిలు, టైర్లు, జీతం, బత్తా, అన్నీ పోను మిగిలింది అదే అని లెక్క. అందులో మళ్ళీ ఖర్చులు తీసేయడం ఉండదు. కాబట్టి ఆ పద్ధతిలో ఉన్న ఓనరు జీతమని రాసినా, బత్తా అని రాసినా ఆయన పన్ను ఒక్క రూపాయి మారదు. పద్దులు రాసే పెద్ద ఓనరుకైతే జీతమూ ఖర్చే, బత్తా కూడా ఖర్చే.

రెండో భయం పరిహారం. "జీతం ఎక్కువ రాస్తే ఏదైనా జరిగినప్పుడు నేనే కట్టాలి కదా" అంటారు. లారీకి చట్ట ప్రకారం తీసుకునే ఇన్సూరెన్సు పాలసీలో డ్రైవరుకు ఇవ్వాల్సిన పరిహారం బాధ్యత కూడా ఉంటుంది. పాలసీ నడుస్తూ ఉండి, డ్రైవరుకు సరైన లైసెన్సు ఉంటే ఆ భారం కంపెనీ మోస్తుంది. జీతం సరిగ్గా రాసిన ఓనరు మీద పడేదేమీ లేదు. పైగా ఆ కుటుంబం ముందు తల దించుకోవాల్సిన పని ఉండదు.

మూడో భయం నిజమైనది. "జీతం అయితే బండి ఆగినా ఇవ్వాలి. బత్తా అయితే నడిచిన రోజుకే ఇస్తాం." కిరాయి దొరక్క బండి నాలుగు రోజులు నిలబడితే ఓనరుకూ రాబడి లేదు. ఆ మాట కాదనలేం. కానీ ఆ నాలుగు రోజులూ డ్రైవరు ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. బండి ఆగిన నష్టమంతా బత్తా రూపంలో డ్రైవరు మీదికే నెట్టేస్తే, అలాంటి డ్రైవరు ఎన్నాళ్ళు నిలుస్తాడు? పక్క ఓనరు 50 రూపాయలు ఎక్కువ బత్తా ఇస్తానంటే తాళం బల్ల మీద పెట్టి వెళ్ళిపోతాడు. డ్రైవర్లు దొరకడం లేదని ఓనర్లు గోల పెడుతున్న రోజులివి. జీతం నమ్మకంగా వచ్చేచోట మనిషి ఆగుతాడు.

బత్తా తగ్గించమని నేను అనడం లేదు. ఈ మాట స్పష్టంగా చెప్తున్నాను. బత్తా కడుపు నిండా తినడానికి సరిపోవాలి. ట్రిప్పుకు ఇంత అని ఒకే మొత్తంగా ఇచ్చే పద్ధతి ఒకటుంది. అందులో ఒక చిక్కుంది. ఢిల్లీలో గోడౌను ముందు దింపుడుకు రెండు రోజులు ఆగాల్సి వస్తే, ఆ రెండు రోజుల తిండి డ్రైవరు జేబులోంచే పోతుంది. అందుకని బత్తా రోజు లెక్కన ఉండాలి. ఆగిన రోజుకూ ఉండాలి. తినడానికి ఎంత అవుతుందో అంత ఉండాలి. అంతకు మించి ఇచ్చేది ఏదైనా జీతం పద్దులో ఉండాలి. ఇంతే నా మాట. తిండికి అయ్యేది బత్తా. కష్టానికి వచ్చేది జీతం.

ఇక డ్రైవరు తమ్ముళ్ళు, అన్నలు ఏం చేయాలి? పెద్ద పనులేమీ కావు. ట్రిప్పు అయ్యాక గుమస్తా ముందు కూర్చుని డీజిలు బిల్లులు, టోలు, పంక్చరు, లోడింగు మామూళ్ళు లెక్క చెప్తారు కదా. ఆ షీటు మీద బత్తా ఎన్ని రోజులకు, రోజుకెంత అని విడిగా రాయించండి. జీతాన్ని బత్తాతో కలపనివ్వకండి. ఆ షీటును ఫోనులో ఒక ఫోటో తీసి ఇంటికి పంపండి. జీతం చేతికి కాకుండా బ్యాంకు ఖాతాలో వేయమని అడగండి. నెలనెలా జీతం చీటీ ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. అది అడిగి తీసుకోండి. అడగడానికి మొహమాటం వద్దు. ఓనరుకు ఎదురు మాట్లాడినట్టు కాదు అది. లెక్క సరిగ్గా ఉంటే ఆయనకూ మేలే.

ఇంట్లో ఉన్న అమ్మలకు, చెల్లెళ్ళకు ఒక మాట. మీవారు ఎవరి బండి మీద ఉన్నారు, జీతం కింద ఎంత రాస్తున్నారు, పీఎఫ్ ఉందా, బండి ఇన్సూరెన్సు ఏ కంపెనీది, ఈ నాలుగూ మీకు తెలిసి ఉండాలి. ఆయన పంపే డబ్బు లెక్క మీకు ఎలాగూ తెలుసు. ఈ లెక్క కూడా తెలుసుకోండి. పీఎఫ్ ఖాతాలో నామినీగా మీ పేరు ఉందో లేదో చూడమనండి.

ఓనర్లకు నా విన్నపం. మీ బండి మీద డ్రైవరుకు ఇప్పుడు ఇస్తున్న మొత్తం పెంచమని అనడం లేదు. అందులో తిండికి పోయేదెంత, కష్టానికి ఇచ్చేదెంత అని నిజాయితీగా విడదీసి రాయండి. 10 మంది లోపు ఉన్నవాళ్ళకు పీఎఫ్, ఈఎస్ఐ భారం లేదు. అంచనా పద్ధతిలో ఉన్నవాళ్ళకు పన్ను మారదు. అలాంటి ఓనర్లకు పెద్దగా ఖర్చు లేని ఆ ఒక్క మార్పు, రేపు అవసరం వస్తే ఒక కుటుంబానికి లక్షల మాటే.

డ్రైవరు సోదరులారా, ఈసారి కొత్త బండి తాళం అందుకునే ముందు బత్తా ఎంత అని అడగండి. తప్పకుండా అడగండి. ఆ వెంటనే, జీతం కింద ఎంత రాస్తారు, చీటీ ఇస్తారా అని కూడా అడగండి. జవాబు విన్నాకే తాళం తీసుకోండి. క్షేమంగా వెళ్ళి, క్షేమంగా ఇంటికి రండి.